మూడు బల్బులూ ఆరిన క్షణం

ఏప్రిల్ 6, 1987. గద్వాల
ప్రమాదం జరిగి పదకొండు రోజులు. నూనె మిల్లు మూతపడే ఉంది. కళ్లు మూస్తే ఆ ఇనుము పగిలిన చప్పుడే. పట్టపగలు జరిగింది, పనివాళ్లు సద్ది మూటలు విప్పే వేళకు.

ఏప్రిల్ 7
మేనేజర్ ఇంటికొచ్చాడు. టైపు చేసిన కాగితం. స్విచ్ వేసింది ఆ రోజు పోయిన బసన్నే అని ఉంది అందులో. "పోయినోనికి ఏమైతది శీనయ్యా? నీకు పిల్లలున్నరు." పెన్ను కూడా తనే ఇచ్చాడు.
సంతకం పెట్టాను.

ఏప్రిల్ 9
రాయకపోతే ఊపిరాడదు.
ఆ రోజు కరెంటు కోత. మొదటి జనరేటర్ ఒక్కటే బరువు మోయలేక మూలుగుతోంది. రెండోదాన్ని తిప్పి దానితో కలపాలి. రెండూ ఒకే వేగంతో, ఒకే అడుగులో ఉన్నప్పుడే కలవాలి. అడుగు కలిసిందీ లేనిదీ చెప్పేవి బోర్డు మీది మూడు బల్బులు. వెలుగుతాయి, ఆరుతాయి. మూడూ ఒక్కసారే ఆరినప్పుడు స్విచ్ వేయాలి.
ఆ రోజు బోర్డు మీద ఒకటే బల్బు. తక్కిన రెండూ నేనే తీసి క్వార్టర్‌కు తెచ్చుకున్నాను. పిల్లకు పరీక్షలని.
ఆ ఒక్కటీ ఆరింది. వేశాను.
అది ఆరడం కాదు... మాడిపోవడం. మిషన్లు ఒకదాన్నొకటి గుంజుకున్నాయి. రెండోదాన్ని దాని ఇంజనుకు కలిపే ఇనుప కప్లింగ్ ముక్కలైంది. పక్కనే బసన్న. దవాఖాన చేరేలోపే పోయాడు.

ఏప్రిల్ 10
పదహారేళ్ల కింద నా చెయ్యి పట్టి నేర్పింది ఆయనే. "జోడెడ్ల లెక్క తమ్మీ. ఒకటి ఎనకవడితె ఇంకొకటి గుంజుకొస్తది. జర ఊగుతయి, సర్దుకుంటయి. మరీ దూరమైతె మాత్రం కాడి ఇరుగుతది." ఆ ఊగుడు ఆయన బోర్డు చూసి కాదు, చెవితో పట్టేవాడు.
ఇప్పుడు ఇంట్లో బల్బు కాస్త మిణుకుమన్నా నా గుండె దానితో పాటే ఊగుతోంది.

ఏప్రిల్ 12
ఇంట్లో రెండు బల్బులూ తీసేశాను. "చీకట్ల కూసుంటవేంది?" అని నా పెళ్లాం లక్ష్మి.

ఏప్రిల్ 13
కొత్త కప్లింగ్ బిగించారు. కొత్త బల్బులు, మూడూ. నన్నే కలపమన్నారు. వెలుగు, చీకటి, వెలుగు... తొమ్మిదిసార్లు మూడూ ఆరాయి. చెయ్యి లేవలేదు. రెండో మిషను పక్కన ఎవరూ లేరు, అయినా అటే చూస్తున్నాను. "ఏంది, ఒంట్లో బాగలేదా?" అని మేనేజర్. మొదటిది ఒక్కటే సాయంత్రం దాకా మూలిగింది.

ఏప్రిల్ 15
బసన్న ఇంటికి పోయాను. ఆయన భార్య సాయమ్మ వదినె వాకిట్లో రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది, పక్కింటి మగ్గానికి. నీళ్లిచ్చింది. కూర్చోమంది. ఎట్లా మొదలుపెట్టానో తెలియదు. బల్బులు... స్విచ్... కాగితం... అంతా చెప్పేశాను.
రాట్నం ఆగలేదు.
"నాకు ఎరుకే. దవాఖానల ఆయన గుప్పిట్ల మిషిను తుడిచే గుడ్డ ఉండె. నేనే వేళ్లు ఊడదీసి తీసిన. స్విచ్ ఏసేటోడు గుడ్డ పట్టుకుంటడా?"
కాళ్ల మీద పడబోయాను. కాళ్లు వెనక్కి లాక్కుంది.
"నువ్వు ఎప్పుడొచ్చి చెప్తవో అని చూస్తున్న. ఇరవై దినాలు పట్టె."
రాట్నం తిరుగుతూనే ఉంది.
"తప్పు నా మొగనిదే అని రాస్తిరి. నాకు చెప్తె ఏమొస్తది? పోయి సర్కారోళ్లకు చెప్పు."

ఏప్రిల్ 16
లక్ష్మికి చెప్పాను. ఒకటే మాట అడిగింది: "జైలైతదా?"
తెలియదన్నాను.

ఏప్రిల్ 18
ప్రమాదం మీద విచారణకు సోమవారం లేబర్ ఆఫీసర్ వస్తాడట. వదినె పొద్దున్నే మిల్లు గేటు దగ్గర నిలబడతానని కబురు పంపింది. ఒక్కతే. నాకోసమేనట.
మేనేజరూ కబురు పంపాడు. వదినె కంటపడకుండా రావడానికి వెనక గేటు తీసి పెడతాడట.