పదో చుట్టులో నేను అరగదీసిన టైలు

జగిత్యాల జిల్లా వాస్తవ్యుడు ఇస్తారి కొడుకు ఓంకార్ అనే నేను, వయసు ఇరవై ఏడు, చదువు బీఎస్సీ మ్యాథ్స్, వృత్తి టైల్స్ మేస్త్రీ, శాశ్వతంగా గల్ఫ్ దేశంలో రైసూత్‌లోని కంపెనీ క్యాంపులోను, తాత్కాలికంగా సలాలాలో ఒక ఆసుపత్రి మంచం మీదను ఉంటూ, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. రేపు పొద్దున నాకు హెర్నియా ఆపరేషన్. చాలా చిన్నదని డాక్టరు అన్నాడు. అంత చిన్నదానికి మూడు కాగితాల మీద సంతకాలు ఎందుకు తీసుకున్నాడో చెప్పలేదు. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. నా మీద నాకు మాత్రం రోతగా ఉంది. కారణం ఐదో అంశంలో ఉంది. ముందు ఆస్తి పంచనివ్వండి.

1. దీన్ని అమలు చేసే బాధ్యత రూమ్‌మేట్ భూమేశన్నది. నాకు టైలు పట్టుకోవడం నేర్పింది ఆయనే. నా కటింగ్ మిషన్, దుమ్ము కళ్లద్దాలు ఆయనకు చెందుతాయి. కళ్లద్దాలు నెత్తి మీద కాదన్నా, కళ్లకు పెట్టుకోవాలి.

2. చెల్లె సింధూజకు, నాలుగో అంశంలో వచ్చే ప్రొఫెసర్ గారు నాకిచ్చిన ఇత్తడి కంపాస్ పెట్టె. దాని ముల్లుతో జామకాయలో పురుగు తీయకూడదు. తీస్తే ఈ అంశం రద్దు.

3. అమ్మ గౌరవ్వకు నా పెట్టెలోని కొత్త దుప్పటి. అమ్మా, చుట్టాలొస్తే తీద్దామని బీరువాలో పెట్టకు. కప్పుకో.

4. ఇక స్థిరాస్తి. నా పేరు మీద గుంట భూమి లేదు. కానీ నా చేత్తో పరిచిన ఒక నేల ఉంది. అది క్యాంపు బాత్రూమ్ నేల. దాని మీద గుట్కా ఉమ్మేవాళ్లకు, వెంట్రుకల ఉండలు వదిలేవాళ్లకు అదేమిటో తెలియదు. ఇప్పుడు తెలుసుకోండి, తెలుసుకుని సిగ్గుపడండి.

అది ప్రొఫెసర్ ఎల్డన్ వికర్‌షామ్ గారి జీవితం. అమెరికాలో ధాన్యం గోదాము కాపలాదారు కొడుకు. జామెట్రీలో పెద్ద చదువు చదివాడు. ముప్పై ఒకటో ఏట ఏడు మూలల ఆకారం ఒకటి కనిపెట్టాడు. ఆ ఆకారంలో టైల్స్ కోసి, ఒకదాని చుట్టూ చుట్లుగా పేర్చుకుంటూ పోతే, ఎంత పెద్ద నేలైనా సందు లేకుండా నిండుతుందని రాశాడు. రెండేళ్లకు ఇంకో పెద్దమనిషి రెండున్నర పేజీలు రాశాడు: తొమ్మిది చుట్ల దాకా సరే, పదోది కుదరదని. సభలన్నీ నవ్వాయి. నవ్వినవాళ్లలో ఆ రెండున్నర పేజీలు చదివినవాళ్లెందరు సార్ అని అడిగితే, ఐదుగురు ఉండొచ్చన్నాడు. అంత చదువుకున్నవాళ్లూ మా మెస్‌లో కూర రుచి చూడకుండానే తిట్టేవాళ్లలాంటివాళ్లేనని తెలిసి నాకు అసహ్యమేసింది. ఆయన నాలుగు యూనివర్సిటీలు మారాడు. భార్య వదిలి వెళ్లిపోయింది. నలభై ఏళ్లు పదో చుట్టును కాగితం మీద గీస్తూనే ఉన్నాడు. చివరికి డెబ్బై నాలుగో ఏట సలాలా కాలేజీ పిల్లలకు త్రిభుజాలు చెప్పడానికి వచ్చాడు.

ఇక్కడి టైల్స్ కొట్టుకు వచ్చి ఆయన ఏడు మూలల టైలు ఉందా అని అడిగితే కొట్టువాళ్లు పడీపడీ నవ్వారు. నేనక్కడ పెట్టెలు మోస్తున్నాను. ఆకారం చూపించమన్నాను. అంతే, ఇరుక్కుపోయాను.

అప్పుడే క్యాంపు బాత్రూమ్‌కు మిగిలిపోయిన, విరిగిన టైల్స్ ఏవైనా పరిచేయమని క్యాంపు బాస్ చెప్పాడు. రేకుతో ఆ ఆకారానికి ఫర్మా, అంటే కోతకు అచ్చు, చేశాను. ప్రతి శుక్రవారం నేను కోసేవాణ్ని, భూమేశన్న పరిచేవాడు, ముసలాయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని చుట్లు లెక్కపెట్టేవాడు. "లెట్రిన్ల కూసొని లెక్కలేందిరా, తాతకు వేరే పని లేదా?" అనేవాడు భూమేశన్న. అంటూనే ఆ బకెట్‌ను తన తువ్వాలుతో తుడిచిపెట్టేవాడు. కంప్యూటర్‌లో చూడొచ్చు కదా సార్ అన్నాను. నన్ను కాగితం మీద చంపారు, నేల మీద లేస్తాను అన్నాడు. తాను గీసిన పటం కూడా చూపించలేదు. పెన్సిలు గీత లావుగా ఉంటే అబద్ధమాడుతుందట. టైలు ఆడదట.

5. ఆడుతుంది. అదే ఈ అంశం.

పదో చుట్టులో చివరి టైలు. మూడు వందల చిల్లర ముక్కలు పరిచాక మిగిలిన ఒక్క ఖాళీ. ముసలాయన చాయ్ తాగడానికి బయటికి వెళ్లాడు. భూమేశన్న సిమెంటు కలుపుతున్నాడు. ముక్క కూర్చోలేదు. ఏ పక్కకు తిప్పినా కూర్చోలేదు. టైలు కూర్చోకపోతే మేస్త్రీ ఆలోచించడు, అంచు అరగదీస్తాడు. ఆరేళ్లుగా నా చేతికి అదే అలవాటు. బియ్యపు గింజంత అరగదీశాను, కూర్చుంది, పైన వైట్ సిమెంటు పూశాను. ఏం చేశానో తెలిసేసరికి ఆయన తలుపు దగ్గర ఉన్నాడు. సెట్ అయింది సార్ అన్నాను. ఆయన ఆ బాత్రూమ్ నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో టైలును చేత్తో తడిమాడు. పదో చుట్టు కుదిరిందని ఆ రోజే అమెరికాకు ఉత్తరం రాశాడు.

మొన్న మార్చిలో ఇదే ఆసుపత్రిలో పోయాడు. ముందు రోజు నన్నడిగాడు: "ఓంకార్, పదో చుట్టులో అన్నీ ఒకే కొలతనా?"

"ఒకే కొలత సార్" అన్నాను.

ఉమ్మేవాళ్లను తిట్టాను కదా. వాళ్లు నేల మీదే ఉమ్మారు.

6. ఇంజినీర్ రఘుపతి గారికి బాత్రూమ్ బ్రష్షు. ఆ నేల డిజైన్ తనదని కంపెనీ గ్రూపులో ఫోటో పెట్టుకున్నారు కాబట్టి, దాన్ని తోమే హక్కు కూడా వారిదే.

7. ప్రొఫెసర్ గారి పాత శిష్యురాలు ఆయన జీవితం మీద పుస్తకం రాస్తోంది. ఈ నెల ఇరవై ఎనిమిదిన నేల ఫోటో తీయడానికి వస్తోంది. మౌనంగా ఉంటే నా అబద్ధం అట్టల మధ్య కుట్టించుకుని లైబ్రరీలకు పోతుంది. చెబితే చచ్చిపోయిన మనిషిని చూసి మళ్లీ నవ్వుతారు. ఐదు నెలలుగా నాకు అన్నం సహించకపోవడానికి ఇదే కారణం. మెస్ కూర రెండో కారణం.

నిన్న నా ఛాతీ ఎక్స్‌రే చేతికిచ్చారు. కిటికీ వైపు ఎత్తి చూస్తుంటే, నర్సు ఫెలిక్స్ అన్న అన్నాడు: "తిరగేసి పట్టుకున్నావు బాబూ, నీ గుండె కుడి పక్కకొచ్చేసింది." తీసుకుని వెనక్కి తిప్పి ఇచ్చాడు.

టైలుకు ఒక్క పక్కే నునుపు ఉంటుంది. మేస్త్రీ ఎవడూ దాన్ని బోర్లా వేయడు. అందుకే నా రేకు ఫర్మా మీద "ఇది పైకి" అని మార్కర్‌తో రాసుకున్నాను. మూడు వందల చిల్లర ముక్కలూ ఆ వైపు నుంచే కోశాను. కాగితం మీద గీసేవాడికి ఆకారాన్ని అద్దంలో బొమ్మలా తిరగేయడం మామూలు సంగతి. మాకు ఆ ఊహే రాదని ఆయనకు తట్టలేదు, ఆయనకది మామూలేనని నాకు తట్టలేదు. డిగ్రీలో ఇది చదివాను కూడా. ఆ పేపర్‌లో నాకు డెబ్బై ఎనిమిది మార్కులు. తూ.

8. కాబట్టి భూమేశన్న ఆ శిష్యురాలి ఎదుటే, ఆమె రాకముందు కాదు, తలుపు నుంచి ఎడమ పక్క మూడో కొళాయి కింద ఉన్న ఆ టైలును ఉలితో తీసేయాలి. ఫర్మాను తిరగేసి కొత్త ముక్క కోయాలి. పెట్టి చూడాలి. కూర్చుంటే, ఆ రెండున్నర పేజీలు తప్పని తేలుతుంది. ఆయన సిద్ధాంతం మొత్తం నిలిచినట్టు కాదు, నవ్వినవాళ్ల నోళ్లు మాత్రం మూతపడతాయి. కూర్చోకపోతే ఆ గుంటను అలాగే ఉంచి ఫోటో తీయనివ్వాలి. అరగదీసింది ఓంకార్ అని, ప్రొఫెసర్‌కు తెలియదని కింద రాయించాలి. అన్నా, దయచేసి నీ చేతిని దానికి అలవాటైన పని చేయనీయకు.

9. ఫెలిక్స్ అన్నకు ఏమీ రాయలేదు. సాక్షికి ఆస్తి ఇవ్వకూడదట. ఆయనే చెప్పాడు, కొంచెం బాధగా.

10. నేను బతికి బయటపడితే ఒకటి నుంచి మూడు, ఆరు, ఈ నాలుగు అంశాలూ రద్దు. నా దుప్పటి నాకే. ఎనిమిదో అంశం మాత్రం చెల్లుతుంది. ఉలి నేను పడతాను, ఆమెకు నోటితో నేనే చెబుతాను. రేపు లేచాక నేను మాట మార్చే రకం కాబట్టే ఇద్దరి ముందు సంతకం పెడుతున్నాను.

సలాలా, 19 ఆగస్టు 2025, బయట జల్లు.

(సంతకం) ఓంకార్

సాక్షులు:
ఫెలిక్స్, స్టాఫ్ నర్సు. మొత్తం చదివే పెట్టాను.
అనీస్, పక్క మంచం, డ్రైవరు. ఇరవై ఎనిమిదిన బండి నేను తెస్తా.