గేమ్ పెట్టెను పాత సామాన్లవాడికి ఇవ్వకు

పండూ,

పాత సామాన్లవాడు వస్తే నాన్న పాత టీవీతో చేసిన గేమ్ పెట్టె ఇవ్వడం లేదని చెప్పి పంపించెయ్. అది పాడవలేదు. నాన్న పోయాక ఆయన రేడియోను నువ్వు దాని మీద పెట్టావు కదా, ఆ స్పీకర్‌లోని అయస్కాంతమే తెర రంగులు చెడగొట్టింది. పొద్దున రేడియో తీసి అలమరలో పెట్టాను. మూలనున్న ఆకుపచ్చ మరక అప్పుడే సగానికి తగ్గింది.

మిగతాదీ పోతుంది. స్విచ్ వేయగానే లోపల గుయ్యిమంటుందే, ఆ తీగచుట్టే తెరకు పట్టిన అయస్కాంత గుణాన్ని వదిలిస్తుంది. అది చల్లారితేగాని మళ్లీ పనిచేయదు. అందుకని అరగంట ఆపి ఉంచి వెయ్యి, రెండు మూడుసార్లు అలాగే చెయ్యి. వెనక చెక్క మాత్రం విప్పకు. ప్లగ్గు తీసినా షాక్ కొడుతుంది.

"నాన్నతోపాటే అదీ పోయింది" అనేసి ఆ సామాన్లవాడికి ఫోన్ చేసేముందు నన్నొక మాట అడగాల్సింది. నేనూ ఈ ఇంట్లోనే ఉన్నాను.

అన్నం మూతపెట్టి ఉంచాను, తిను.

అమ్మ

ఇవాళ బడి నుంచి దిద్దాల్సిన పేపర్లు ఇంటికి తేను. నాన్న ఆ రెండో జాయ్‌స్టిక్ నాకోసమే బిగించారు. ఎలా ఆడాలో నేర్పుదువుగాని.