ఇరవై ఆరో అల

చిరంజీవి కల్లిరోయికి అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. నేనూ, నీ కూతురు సెవస్తీ క్షేమం. చివరిదాకా చదివాక కూడా ఈ మాట నిజమే, కంగారుపడకు. పిరేయస్ పట్నంలో నువ్వూ, ఆసుపత్రి వంటింట్లో నీ పనీ కులాసా అని తలుస్తాను.

నువ్వడిగినవి ముందు చెబుతాను. నా దగ్గు తగ్గింది. సెవస్తి చేపలు బాగానే తింటోంది, బెండకాయలు మాత్రం నా కళ్ళుగప్పి మేకకు పెడుతోంది. నువ్వు పంపిన గాలిపరుపు చిరగలేదు. కొండ మీంచి సముద్రం వైపు గాలి వీచే రోజు దాన్ని నీళ్ళలోకి దింపొద్దని రాశావు. చదివి నవ్వుకున్నాను. అరవై మూడేళ్ళుగా ఈ దీవిలో ఉన్నదానికి సముద్రం గురించి పాఠాలా అని పక్కింటి ఫ్రోసోతో కూడా అన్నాను.

గురువారం ఆ గాలే వీచింది. ఆ రోజు క్రీస్తు స్వర్గారోహణ పండుగ కదా, ఏడాదిలో మొదటి సముద్రస్నానం. ఇంటికి మంచిదని నలభై అలల నీళ్ళు పట్టడానికి కూజా తీసుకెళ్ళాను. ఒడ్డున నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. ఇంతకంటే మంచి రోజు దొరకదనుకుని పిల్లను పరుపెక్కించాను. అలలు లేని రోజు నలభై పట్టాలంటే ఒక్కోదాని కోసం వంగి కాచుకోవాలి. ఇరవై ఆరో అల పట్టి తలెత్తాను. ఎర్ర పరుపు రాళ్ళగట్టు దాటిపోయింది.

పిల్ల అప్పటికే ఒక కాలు నీళ్ళలోకి దింపింది. ఈదుకుంటూ వచ్చెయ్యమని అరిచింది నేనే, కల్లిరోయి. ఫ్రోసో వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నోర్ముయ్ మరిగో. ఈ గాలికి ఎదురీదితే సగంలోనే చేతులు పడిపోతాయి దానికి," అని తనే కేకేసింది. "పరుపు వదలకే తల్లీ, బోర్లా పడుకుని పట్టుకో! చెయ్యి ఊపుతూ ఉండు, పడవ వస్తోంది!"

పడవ ఇంకా ఎక్కడా లేదు. ఫ్రోసో రేవుకు పరుగెత్తింది. నేను మెడలోతు దాకా దిగి అక్కడే నిలబడిపోయాను. ఆ చిన్న చెయ్యి పైకి లేస్తే ఊపిరి పీల్చాను, లేవకపోతే లేదు. చివరికి జాలరి స్తమాతిస్ తను లాగుతున్న వలను నీళ్ళలోనే వదిలేసి పడవలో వెళ్ళి పిల్లను ఎత్తుకొచ్చాడు.

దుప్పటి కప్పుతుంటే సెవస్తి, "అమ్మమ్మా, నువ్వెందుకు రాలేదు?" అంది.

దానికి చెప్పిందే నీకూ చెబుతున్నాను. నాకు ఈత రాదు. తల తడిస్తే జలుబు చేస్తుందని, అందుకే నీళ్ళలో కూడా టోపీ తీయనని నీ చిన్నప్పటి నుంచి చెప్పింది అబద్ధం. మధ్యాహ్నాలు ఆడవాళ్ళతో నేను నడుంలోతులోనే నిలబడి కబుర్లు చెప్పుకునేది అందుకే. నిన్ను కూడా అలా నిలబడే కాపలా కాశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

వచ్చి పిల్లను తీసుకుపోతానంటే అడ్డు చెప్పను, ఆ హక్కు నాకు లేదు. ఉంచుతావేమోనన్న ఆశ మాత్రం చావలేదు. పరుపు గాలి తీసి అటక మీద పెట్టాను. ఫ్రోసో నాకు ఈత నేర్పుతోంది. ఒడ్డు దగ్గర వెల్లకిలా పడుకుంటే సెవస్తి నా తల కింద చెయ్యి పెడుతుంది. నిన్న ఆ చెయ్యి తీసేసి నాకు చెప్పలేదు. ఎంతసేపు తేలానో తెలియదు, అలలు లెక్కపెట్టలేదు.

ఇట్లు,
తల తడిసిన మీ అమ్మ,
మరిగో