గడపగడపకూ ఆగిన అన్నకు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ పేరున చర్చిలో ప్రార్థన పెట్టించాము.

ఆ ఇసకదారిన చర్చికి వెళ్ళేటప్పుడు నువ్వు ప్రతి గడప దగ్గరా ఆగి పిల్లాజెల్లా బాగోగులు అడిగేవాడివి. మనిషంటే నువ్వేనని ఊరంతా అనేది.

నల్లబడిన నీ కాలు తీసేసే ముందు నెల్లూరు డాక్టరుగారు చెప్పారు: "చక్కెర జబ్బు ఏళ్ళ తరబడి రక్తనాళాల్ని లోపల్లోపల పూడ్చేసింది. నడిస్తే పిక్కకి రక్తం చాలక పట్టేస్తుంది. కాసేపు నిలబడితే వదుల్తుంది." నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. ఇన్నేళ్ళూ ఎందుకు ఆగావో నాకప్పుడు తెలిసింది. కాలు తీసినా నువ్వు దక్కలేదు.

పోయిన నెల చక్కెర ఉందేమోనని నా మూత్రం నీలం మందులో కాచి చూశారు. ఆ మందు నీకు తిరిగినట్టే ఇటుకరంగుకు తిరిగింది. ఇంట్లో చెప్పలేదు.

ఇవాళ చర్చికి వెళ్తూ మరియమ్మత్త వాకిట ఆగాను. కోళ్ళ గురించి అడిగాను. మనవరాలి గురించి అడిగాను. ఇంకా కదల్లేక వానల గురించి అడిగాను. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"మీ అన్న పోయినాక మా గడపలో నిలబడి పలకరించినోళ్ళే లేరు నాయనా. ఆయన గుణమే నీకూ వచ్చింది."

పిక్క వదిలేదాకా తలూపుతూ నిలబడ్డాను. చర్చి ఇంకా చాలా దూరం ఉంది, అన్నా.

నీ తమ్ముడు