గది ఎత్తు

విట్స్కె గారికి,

మీ ఉత్తరం అందింది. మీ ఆయన యెల్మర్ పోయాక ఆ తెరచాప పడవతో మీకేం పని అంటూ, రంగులు వెయ్యకపోయినా సరే ఎవరికైనా అమ్మేయమన్నారు. మీ మాట కాదనను. కాని అంతకుముందు నేను చెప్పేది కూడా వినండి.

మా దగ్గర పడవ కట్టించుకునేవాళ్లకి దర్జీల్లాగే ముందు ఒంటి కొలతలు తీస్తాం. యెల్మర్ మమ్మల్ని టేపు పెట్టనివ్వలేదు. కొలతలు తనే నోటితో చెప్పాడు. లోపలి గది ఎత్తు వినగానే నాకు ఒళ్లు మండింది.

“ఏవయ్యా, తెరచాప కొయ్యంత మనిషివి, ఇందులో ఎలా నిలబడతావ్?”

“వంగుతాలే. నువ్వు చెప్పింది కట్టు.”

కట్టాను. వచ్చినప్పుడల్లా దూలానికి తల కొట్టుకునేవాడు. మావాళ్లు నవ్వేవాళ్లు, నేను తిట్టేవాణ్ణి. ఆసుపత్రిలో చేరేముందు వచ్చి, పొయ్యి గట్టూ చుక్కాని దగ్గరి బల్లా కూడా తగ్గించమన్నాడు. ఇక ఉండబట్టలేక, అసలివి ఎవరి కొలతలని నిలదీశాను.

“నేనింకెన్నాళ్లు నడుపుతాను? తర్వాత నడిపేది విట్స్కేగా. అయినా నాకంటే తనే బాగా నడుపుతుంది. ఇప్పుడే చెప్పకు, ఏడుస్తుంది,” అన్నాడు.

నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పలేదు.

ఆదివారం ఒక్కసారి రండి. ఆ గదిలోకి దిగి నిటారుగా నిలబడండి. మీ తల దూలానికి తగిలిందా, మర్నాడే అమ్మేస్తాను.

ఇట్లు,
మీ పడవ కట్టినవాడు