తూటు పొడిచిన మూకుడు

గోదావరిఖని, 14-8-2007

అవ్వా, దండాలు. నీ అల్లుడు దవాఖాన నుంచి ఇంటికొచ్చాడు, ఫికరు పెట్టుకోకు.

కంసాలి దుకాణాల్లో ఊడ్చిన మట్టిని కడిగి, పాదరసం కలిపి బంగారం పొడి రాబడతాడు కదా. ఆ ముద్దను కాలిస్తే పాదరసం పొగై పోతుంది, బంగారం మిగులుతుంది. మొన్న వాన పడుతోందని తలుపు మూసి, నేను కూర వండే మూకుట్లోనే కాల్చాడు. తెల్లారేసరికి దమ్ము ఆడలేదు, చేతులు వణికాయి.

మా మామ బొగ్గుబాయిలో చేసిన మనిషి. దవాఖానలోనే కొడుకు మీద మండిపడ్డాడు: "బాయిల గ్యాసుంటే చేతిల దీపం చెప్తది. నీ పొగకు ఏ దీపం చెప్తదిరా?"

ఇక ఆ పని నా గడప లోపల జరగదని చెప్పేశాను. పొగ బయటికి రాకుండా మూత, గొట్టం ఉన్న ఇనుప డబ్బా మామ చేయిస్తున్నాడు. అది వచ్చేదాకా కాల్చుడు బంద్.

నీ మోకాలి నొప్పి ఎట్లుంది? బర్రె ఈనిందా? తమ్మునికి దీవెనలు. సదానందం బావ వచ్చేటప్పుడు అటక మీది మూకుడు పంపు. ఇక్కడిది గట్టి ఇనుమే, తోమితే మెరుస్తుంది. అందుకే, ఎవరూ ఏరుకెళ్లి వండుకోకుండా గడ్డపారతో తూటు పొడిచి పారేశాను.

నీ బిడ్డ,
యమున