సైకిల్ తాళంచెవి

మా బంగారు ధనశ్రీకి,

ఒకే ఇంట్లో ఉంటూ నీకు ఉత్తరం రాయాల్సి వస్తుందనుకోలేదే. నీ సైకిల్‌కి తాళం వేసి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులుగా నువ్వు నాతో మాట్లాడటం లేదు. అచ్యుతాపురం కంపెనీ నుంచి ఇంటికొచ్చేసరికి కాళ్లు లాగేస్తుంటాయి. ముడుచుకున్న నీ మూతి చూస్తే ఉన్న ఓపిక కూడా పోతుంది. అందుకే ఈ కాగితం నీ క్యారేజీ కింద పెడుతున్నాను. బడిలో అన్నం తిన్నాక చదువు.

ఆ రోజు కంపెనీ బస్సు కిటికీలోంచి నిన్ను చూశాను. కల్వర్టు దగ్గర, బెల్లం గానుగకు పోతున్న చెరుకు ట్రాక్టర్ తొట్టి పట్టుకుని ఒంటి చేత్తో సైకిల్ తొక్కుతున్నావు. వెనక కేరియర్ మీద పక్కింటి సుప్రియ. కదులుతున్న తొట్టిలోంచి చెరుకుగడ లాగడం మన ఊరి పిల్లలందరికీ ఆటే. డ్రైవర్లు కూడా చూసి నవ్వి ఊరుకుంటారు. నేను మాత్రం నవ్వలేను.

నీకో అబద్ధం చెప్పానే. మీ కొర్లయ్య మామయ్య జ్వరంతో పోలేదు. అప్పుడు నాకు ఏడేళ్లు, అన్నయ్యకు పదకొండు. ఇద్దరం బడికి నడిచి వెళుతున్నాం. చెరుకు ట్రాక్టర్ వచ్చింది. "అన్నియ్యా, నాకో గెడ లాగవా" అని అడిగింది నేనే. వాడు లాగాడు. గడ రాలేదు, వాడే చక్రం కిందికి పోయాడు. నేనడిగితేనే లాగాడని మా అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను. ఇరుకైనా సరే, ఆటోలోనే వెళ్లు తల్లీ. తాళంచెవి అడగకు. ఇంకోటి తట్టుకునే శక్తి నాకు లేదు.

మీ అమ్మ,
గంగాభవాని


అమ్మా,

తిన్నాక చదవమన్నావు. నేను ముందే చదివేశాను. అన్నం తినలేకపోయాను.

నేను చెరుకు కోసం తొట్టి పట్టుకోలేదమ్మా. ట్రాక్టర్ మరీ నెమ్మదిగా పోతుంటే దాటుదామని పక్కకొచ్చాను. అది నా తప్పే. అంతలో మీ బస్సు హారన్ కొట్టుకుంటూ వెనకే వచ్చేసింది. అటు తొట్టి, ఇటు బస్సు. సుప్రియ ఏడుపు మొదలుపెట్టింది. సైకిల్ ఒరిగిపోతుంటే చేతికి అందింది పట్టుకున్నాను.

ఇంకో సంగతి. బస్సు మమ్మల్ని చూసి కాస్త స్లో అయింది. అప్పుడు లోపల్నుంచి ఎవరో డ్రైవర్‌కి వినపడేలా అరిచారు. "తొక్కు సింహాచలం అన్నా! ఆ పిల్లలే తప్పుకుంటారు. కంపెనీలో పంచింగ్ టైమ్ దాటిపోద్ది!" రోజూ పొద్దున్నే నన్ను నిద్ర లేపే గొంతు నాకు తెలియదా అమ్మా? బయట ఉన్నది నేనని నీకు తెలియదు, అదీ నాకు తెలుసు. అయినా ఈ నాలుగు రోజులూ నీతో మాట్లాడలేకపోయాను.

ఆటోలో పద్నాలుగు మందిమి. నా బ్యాగూ, నా ఒక కాలూ బయటే ఉంటున్నాయి.

నీ ధనశ్రీ


తల్లీ ధనశ్రీ,

నా సంచిలో నువ్వు పెట్టిన ఉత్తరం ఈవేళ బస్సులోనే చదివాను. ఆ మాట అన్నది నేనే. అన్నాక కిటికీలోంచి చూశాను, అక్కడ నువ్వున్నావు. అప్పటిదాకా ఎవరి పిల్లలోలే అనుకున్నాను. బస్సును తొందరపెట్టింది నేను, తాళం వేసింది నీ సైకిల్‌కి. సిగ్గుతో చచ్చిపోయానే.

సీట్లోంచి లేచి, ఇకనుంచి కల్వర్టు దగ్గర బస్సు ఆపాలన్నాను. అందరూ గొణిగారు. మా అప్పలనర్సమ్మ అయితే, "ఏటే గంగా, రోజూ తొక్కు తొక్కు అని సంపేసేది నువ్వే కదే" అంది. అవును, నేనే అన్నాను. ఆ రోజు బయట ఉన్నది నా కూతురని చెప్పాను. ఒక్కొక్కరే తలూపారు. వాళ్ల పిల్లలూ ఆ సమయానికి ఏదో ఒక రోడ్డు మీదే ఉంటారు మరి. సింహాచలం అన్న అద్దంలోంచి చూసి, "పది నిమిసాలు ముందొచ్చి ఎక్కండమ్మా. పిల్లలు దాటినంతవరకూ నేను ఆపుతాను" అన్నాడు. పొద్దున్న ఇంకో పది నిమిషాలు ఎక్కణ్ణుంచి తేవాలో నాకు తెలియదు. ఎలాగో తెస్తాను.

తాళంచెవి ఈ కాగితంలోనే మడిచి పెట్టాను. ట్రాక్టర్ ఎంత నెమ్మదిగా పోయినా దాన్ని దాటకు, వెనకే ఉండు. కల్వర్టు ముందు సుప్రియను దింపి, ఇద్దరూ నడిచి దాటండి. రేపు నీ వెనక మా బస్సు ఆగి ఉంటే కంగారు పడకు. నెమ్మదిగా వెళ్లు. నేను లోపలే ఉంటాను, నోరు మూసుకుని.

మీ అమ్మ